పట్టికలో లేని వచనం

చిన్నీ,

ప్రభువు నామంలో దీవెనలు. నువ్వు ఫోనులో పంపిన ఏడు పండుగల పట్టిక చేరింది. పక్కన బైబిలు తెరిచి పెట్టుకుని ఒక్కో గడిని సరిచూశాను. తయారుచేసినవాళ్లు శ్రద్ధగానే చేశారు. పస్కా, పులియని రొట్టెలు, ప్రథమఫలాలు, పెంతెకొస్తు, బూరల పండుగ, ప్రాయశ్చిత్త దినం, పర్ణశాలలు వరుసగా ఉన్నాయి. వాటికి ఎదురుగా ఏవి క్రీస్తులో నెరవేరాయో, ఏవి ఇంకా నెరవేరాలో రాశారు. నాకు మింగుడుపడనిదల్లా అడుగున ఎర్రటి అక్షరాల్లో ఉన్న ప్రశ్న. యెహోవా పండుగలు కావాలా, మనుషుల పండుగలు కావాలా అని.

ఆ ప్రశ్న పట్టుకునే కదా క్రిస్మస్‌కు వచ్చి కూడా ముభావంగా కూర్చున్నావు. ఇప్పుడు కోతపండుగకు రానంటున్నావు. ఏప్రిల్ 1 రాత్రి బెంగళూరులో మీ సహవాసం వాళ్లతో పస్కా ఆచరిస్తానంటున్నావు. ఫోనులో మొదలుపెడితే ఇద్దరికీ గొంతు లేస్తుంది, మీ నాన్న మధ్యలో ఫోను లాక్కుని అక్కడ వానలు పడుతున్నాయా అని అడుగుతారు. అందుకే ఉత్తరం.

ఆ పండుగలు క్రీస్తువైపు చూపిస్తాయని నేనూ నమ్ముతాను. సండే స్కూల్లో నీకు మొదట చెప్పిందే నేను. గొడవ అక్కడ లేదు. లేవీయకాండం 23వ అధ్యాయాన్ని మీ పట్టిక ఎలా ముక్కలు చేసిందో ఒకసారి చూడు. పెంతెకొస్తు గడిలో 15 నుంచి 21 వచనాలు వేశారు. బూరల పండుగ గడి 23తో మొదలవుతుంది. మరి 22వ వచనం ఎటు పోయింది?

పొలం కోసేటప్పుడు అంచులు పూర్తిగా కోయవద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, అవి బీదలకూ పరదేశులకూ వదిలిపెట్టు. ఇదీ ఆ వచనం. పండుగల జాబితా మధ్యలో పొలం గట్టు సంగతి ఎందుకొచ్చిందో తెలియక పట్టిక రాసినవాళ్లు పక్కన పెట్టి ఉంటారు. తేదీ లేదు, బలి లేదు, గడిలో వేయడానికి ఏమీ లేదు. నాకు మాత్రం ఆ వచనం తీసేస్తే మిగతా అధ్యాయం చప్పబడిపోయినట్టు ఉంటుంది.

మీ నాన్నమ్మ పరిగె ఏరిన మనిషి. నువ్వు ఆమెను మంచం మీద చూశావు గానీ చేలో చూడలేదు. నా పెళ్లైన కొత్తలో కూడా కోతల రోజుల్లో వెళ్లేది. కుప్పలు వేశాక, గొడ్లను తోలకముందు, ఆసామి సరేనంటే ఆడవాళ్లు చేలో దిగేవాళ్లు. కొంగును నడుముకు ఒడిలా కట్టుకుని, వంగిన నడుము ఎత్తకుండా, కోసిన మొదళ్ల మధ్య పడి ఉన్న కంకులను ఒక్కొక్కటే తీసి ఒడిలో వేసుకోవాలి. పొద్దుగూకేసరికి ఒడి నిండినట్టే కనిపించేది. ఇంటికొచ్చి దులిపి చేటలో చెరిగితే మిగిలేది ఒక పూట గంజికి. కొందరు ఆసాములు కావాలనే ముందు గొడ్లను తోలేవాళ్లు. ఆమెకు అక్షరం రాదు. బైబిల్లో పరిగె ఏరుకున్న రూతు కథ మాత్రం మొదటినుంచి చివరిదాకా పొల్లుపోకుండా చెప్పేది. ఆ పొలం ఆసామి బోయజు తన పనివాళ్లతో, ఆ పిల్ల ఏరుకునేటట్టు కొన్ని పిడికిళ్లు కావాలనే పడేయండి, ఆమెను గద్దించకండి అన్న చోట ఆగి, "అదీ ఆసామంటే" అనేది. సాయంత్రం దుల్లగొడితే రూతుకు వచ్చినవి తూమెడు యవలు. "తూమెడు!" అని మీ నాన్నమ్మ ఆశ్చర్యపడినట్టు ఏ ప్రసంగీకుడూ ఆశ్చర్యపడగా నేను వినలేదు. ఆ తూము విలువ ఆమెకు తెలుసు.

యూదులు పెంతెకొస్తునాడు తమ సమాజమందిరాల్లో ఈనాటికీ రూతు గ్రంథం చదువుతారు. పొలంలోకి వచ్చిన ఆ మోయాబు పరదేశి మునిమనవడు దావీదు. ఆ వంశంలోనే మన ప్రభువు పుట్టాడు.

ఇక పస్కా, ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం నుంచి బయటపడిన రాత్రికి గుర్తు. నిర్గమకాండం 12వ అధ్యాయం మళ్లీ చదువు, ఈసారి తేదీల కోసం కాకుండా. పదో రోజున గొర్రెపిల్లను తెచ్చుకోవాలి, పద్నాలుగో రోజు సాయంకాలం వధించాలి, రక్తాన్ని హిస్సోపు కుంచెతో ద్వారబంధాలకు పూయాలి, మాంసాన్ని కాల్చి పులియని రొట్టెలతో, చేదు కూరలతో తినాలి. నడుము కట్టుకుని, చెప్పులు తొడుక్కుని, కర్ర చేత పట్టుకుని, త్వరత్వరగా తినాలి. ఎముక విరవకూడదు. సిలువ మీద ప్రభువు కాళ్లు విరవలేదని రాసినప్పుడు యోహాను మనసులో ఉన్నది ఈ మాటే. క్రీస్తు అనే మన పస్కా పశువు వధింపబడ్డాడని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. ఇది మీ పట్టికలోనూ ఉంది. లేనిది నాలుగో వచనం. ఇల్లు చిన్నదై ఒక పిల్లను తినలేకపోతే, పక్కింటివాళ్లను కలుపుకోవాలి. ఇంటింటికీ లెక్కపెట్టి, ఎవరు ఎంత తింటారో చూసి మరీ కలుపుకోవాలి. ఐగుప్తులో ఆఖరి రాత్రి, చావు వీధిలో తిరుగుతున్న రాత్రి, దేవుడు పొరుగువాడి ఆకలి గురించి ఆలోచించాడు.

తేదీ తప్పితే పండుగ చెల్లదని మీవాళ్లు అంటున్నారన్నావు. సంఖ్యాకాండం 9వ అధ్యాయం వాళ్లచేత చదివించు. కొందరు శవాన్ని ముట్టుకుని మైలపడ్డారు, పస్కా నాడు దగ్గరికి రాలేకపోయారు. వాళ్లు మోషే ఎదుటికి వచ్చి, మమ్మల్ని ఎందుకు ఆపుతున్నారని అడిగారు. మోషే తనంతట తాను జవాబు చెప్పలేదు, ఆగండి, దేవుణ్ణి అడిగి వస్తానన్నాడు. వచ్చిన జవాబు ఏమిటి? రెండో నెల పద్నాలుగో రోజున చేసుకోండి. దూరప్రయాణంలో ఉన్నవాళ్లకూ అదే వెసులుబాటు. తర్వాత హిజ్కియా రాజు కాలంలో దేశమంతా అలాగే రెండో నెలలో చేసింది. ఉత్తరాది గోత్రాలవాళ్లు చాలామంది శుద్ధి చేసుకోకుండానే వచ్చి తినేశారు. రాజు వాళ్లను వెళ్లగొట్టలేదు, వాళ్లకోసం ప్రార్థించాడు. యెహోవా విని వాళ్లను బాగుచేశాడని దినవృత్తాంతాల్లో ఉంది. మనుషుల కోసం తేదీని జరిపిన దేవుణ్ణి, తేదీ కోసం మనుషులను వెలివేసే దేవుడిగా చూపిస్తే నాకు కోపం వస్తుంది.

ఇంకో సంగతి. అక్షరాలా ఆచరించాలంటే బెంగళూరు అపార్టుమెంటులో కుదరదు. పస్కాను నీ ఊళ్లో కాదు, యెహోవా ఏర్పరచుకున్న స్థలంలోనే వధించాలని ద్వితీయోపదేశకాండం 16 చెబుతుంది. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం కూలిపోయాక యూదులే పస్కా గొర్రెపిల్లను వధించడం మానేశారు. వాళ్ల పస్కా బల్ల మీద ఇప్పుడు ఉండేది దాని గుర్తుగా ఒక కాల్చిన ఎముక. మరి మీ సహవాసం మటన్ దుకాణంలో ఆర్డరిచ్చి "అక్షరాలా" అంటే ఎలా?

ప్రథమఫలాల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఇది నీకు బాగా తెలిసిందే. యవల పంటలో మొదటి పనను, అంటే మొదటి కట్టను, యాజకుడు విశ్రాంతిదినానికి మరునాడు యెహోవా సన్నిధిలో అల్లాడిస్తాడు. అది ఏ విశ్రాంతిదినం అన్నదానిమీద పరిసయ్యులు, సద్దూకయ్యులు అనే రెండు యూదు వర్గాలకు ఆనాడే పేచీ. నిద్రించినవారిలో ప్రథమఫలంగా క్రీస్తు లేచాడన్న పౌలు మాట మనకు చాలు. ఈస్టరు తెల్లవారుజామున మనవాళ్లు సమాధుల దగ్గర పూలు పరిచి కొవ్వొత్తులు వెలిగించేది ఆ మాట మీది నమ్మకంతోనే. మొదటి పన ఇంటికి చేరిందంటే వెనక చేను ఉన్నట్టే.

ఈస్టరు తేదీ మీద కూడా మీవాళ్లకు అభ్యంతరం ఉందట, పస్కాతో కలవదని. నిజమే, కొన్నిసార్లు కలవదు. 2024లో ఈస్టరు మార్చి 31న వచ్చింది, పస్కా ఏప్రిల్ 22 సాయంత్రం మొదలైంది. యూదులకు ఆ ఏడు అధికమాసం వచ్చింది. మన పంచాంగంలో లాగే వాళ్లకూ పందొమ్మిది ఏళ్లలో ఏడు అధికమాసాలు. ఈ పేచీ కొత్తది కాదు. రెండో శతాబ్దంలో స్ముర్న బిషప్పు పొలికార్పు, ముసలితనంలో, రోముకు వెళ్లాడు. ఆసియా సంఘాలవాళ్లు యూదుల మొదటి నెల నీసాను 14నే, ఏ వారమైనా సరే, ఆచరించేవారు. రోమువాళ్లు ఆదివారమే అనేవారు. రోము బిషప్పు అనికేటు ఆయన్ను ఒప్పించలేకపోయాడు, ఆయనా అనికేటును ఒప్పించలేకపోయాడు. అయినా అనికేటు తన సంఘంలో ప్రభు భోజనపు ఆరాధన జరిపే గౌరవాన్ని ఆ పెద్దాయనకే ఇచ్చాడు. సమాధానంగా విడిపోయారు. 325లో బిషప్పులు కూడిన నైసియా సభ ఆదివారమే అని తేల్చింది. ఆ తీర్మానం కంటే ఆ ఇద్దరు కలిసి తీసుకున్న బల్ల నాకు ఇష్టం. సువార్తల్లోనే చూడు. మత్తయి, మార్కు, లూకాల్లో కడరాత్రి భోజనమే పస్కా. యోహానులో ప్రభువును సిలువ వేసింది పస్కా సిద్ధపరచే దినాన. ఈ తేడాను సరిచేయాలని పరిశుద్ధాత్మకు తోచలేదు గానీ మీ పట్టికకు తోచింది.

పెంతెకొస్తునాడు యెరూషలేములో పార్తీయులు, మాదీయులు, ఐగుప్తువాళ్లు, క్రేతీయులు ఎవరి భాషలో వాళ్లు దేవుని గొప్ప కార్యాలు విన్నారు. నూతన నిబంధనలో పండుగ అర్థం పూర్తిగా విప్పుకున్న రోజు ఏదంటే నేను దీన్నే చెబుతాను. ఒక కొండ దగ్గర ఒక జనానికి చెందిన పండుగ తలుపులు తెరుచుకుని అందరి మధ్యకు వచ్చేసింది. మన జిల్లాలో మనవాళ్లు చెప్పుకునే పెంతెకొస్తు ఒకటుంది కదా. 1876–78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ పని కొంత గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేటట్టు చేశాడు. గంజి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మీ నాన్నమ్మ వైపు పెద్దలు అందులో ఉన్నారని ఇంట్లో చెప్పుకుంటారు. వాళ్లు ఎవరు? ఊరి బయట ఉంచబడినవాళ్లు. ఊరి పండుగలో డప్పు వాళ్లదే, బంతిలో చోటు మాత్రం వాళ్లది కాదు. వాళ్లకు బైబిలు పండుగలంటే క్యాలెండరు కాదు తల్లీ. మొట్టమొదటిసారి ఒకే గిన్నెలోనుంచి, ఒకే రొట్టెలోనుంచి తీసుకోవడం. మీ పట్టిక గీసిన కుర్రవాళ్ల తాతలు కూడా ఆ వరుసలోవాళ్లే అయి ఉంటారు.

శరత్కాలపు మూడు పండుగల దగ్గర మీ పట్టిక "త్వరలో" అని రాసింది. ఇక్కడ జాగ్రత్త. పస్కా, ప్రథమఫలాల గురించి అపొస్తలులే నోరు విప్పి చెప్పారు. బూరల పండుగనాడే సంఘం ప్రభువు దగ్గరికి ఎత్తబడుతుందని వాళ్లెవరూ చెప్పలేదు. కడబూర మాట ఉంది, నిజమే, దాన్ని ఏడో నెల మొదటి రోజుకు కట్టేసింది మనమే. 2025 సెప్టెంబరు 23, 24 తేదీల్లో ప్రభువు వస్తాడని ఫోన్లలో ఎంత హడావుడి జరిగిందో నువ్వూ చూశావు. అక్టోబరు వచ్చింది, కరెంటు బిల్లూ వచ్చింది. ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని ప్రభువు చెప్పిన మాటను అంత తేలిగ్గా ఎలా దాటేస్తారో నాకు అర్థం కాదు.

ప్రాయశ్చిత్త దినం నాకు భయభక్తులు కలిగించే రోజు. ప్రధానయాజకుడు సంవత్సరానికి ఆ ఒక్కరోజే, మామూలు నారబట్టలతో, రక్తం తీసుకుని తెరలోపలికి వెళ్లేవాడు. ఒక మేకను వధించేవారు. రెండోదాని తల మీద చేతులుంచి జనుల పాపాలన్నీ ఒప్పుకుని అడవికి పంపేసేవారు. మళ్లీ ఏడాదికి మళ్లీ అదే. హెబ్రీ పత్రిక అంతా ఈ "మళ్లీ" మీదే నడుస్తుంది. క్రీస్తు ఒక్కసారే ప్రవేశించాడు, ఇక మళ్లీ లేదు. ఆ రోజును తిరిగి తప్పనిసరి చేస్తే ఆ ఒక్కసారికి అర్థమేముంది?

పర్ణశాలల పండుగ మాత్రం నాకు ప్రాణం. దబ్బపండ్లు, ఈతమట్టలు, కాలువల దగ్గరి నిరవంజి కొమ్మలు పట్టుకుని ఏడు రోజులు కొమ్మల పాకల్లో ఉండాలి. పంట ఇంటికొచ్చి గాదెలు నిండిన సమయంలోనే పాకలోకి వెళ్లమన్నాడు చూడు, మీ తండ్రులు అరణ్యంలో ఇలాగే ఉన్నారని గుర్తుచేయడానికి. దేవాలయం ఉన్న రోజుల్లో ఆ పండుగ ఎలా జరిగేదో యూదు బోధకుల పాత గ్రంథం మిష్నా రాసిపెట్టింది. రోజూ తెల్లవారగానే సిలోయము కోనేటి నీళ్లు బంగారు కూజాతో తెచ్చి బూరల మోత మధ్య బలిపీఠం మీద పోసేవారు. రాత్రి స్త్రీల ఆవరణంలో ఎత్తైన దీపస్తంభాలు. యాజకుల కుర్రవాళ్లు నిచ్చెనలెక్కి నూనె పోసేవారు, యాజకుల పాత బట్టలే వత్తులు. యెరూషలేములో ఆ వెలుగు పడని ముంగిలి లేదట. ఆ పండుగ చివరి రోజున, అన్ని రోజులూ నీళ్లు పోయడం చూసిన జనం మధ్య నిలబడి, దప్పిగొన్నవాడు నా దగ్గరికి వచ్చి తాగాలి అని యేసు కేకవేశాడు. ఆ వెంటనే, నేను లోకానికి వెలుగును అన్నాడు. ఆ నీళ్లు, ఆ దీపాలు తెలియకుండా యోహాను 7, 8 అధ్యాయాలు చదివితే సగమే చదివినట్టు. పండుగల గురించి తెలుసుకోమని నిన్ను నేనెందుకు కాదంటాను?

ఆ పండుగకు పిలవాల్సినవాళ్ల జాబితా కూడా ద్వితీయోపదేశకాండంలో ఉంది. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తలిదండ్రులు లేనివాడు, విధవరాలు. వీళ్లంతా సంతోషించాలి. మీ పట్టికలో దీనికి గడి లేదు.

యూదుల గురించి మాట్లాడేటప్పుడు నోరు అదుపులో పెట్టుకోమని కూడా నీ స్నేహితులకు చెప్పు. "వాళ్లకు నీడ, మనకు నిజం" అని చప్పట్లు కొట్టడం సులువు. ఈస్టరు రోజుల్లోనే క్రైస్తవులు వాళ్లమీద పడి చంపిన చరిత్ర ఉంది. 1903లో కిషినెవ్ పట్టణంలో ఈస్టరు నాడు మొదలైన అల్లర్లలో 49 మంది యూదులు చనిపోయారు. ఈ పండుగలు వాళ్లింట్లో ఇంకా బతికే ఉన్నాయి. అంతెందుకు, చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు కుటుంబాలు తమను యూదులుగా ఎంచుకుని చిన్న సమాజమందిరం కట్టుకుని పస్కా చేసుకుంటున్నాయి. వాళ్ల పండుగ వాళ్లది. మనం శాలువా కప్పుకుని కొమ్ముబూర ఊది వాళ్లలా కనిపించనక్కరలేదు.

మరి ఆచరించాలా వద్దా? అపొస్తలుల కార్యాలు 15లో అన్యజనుల నుంచి వచ్చినవాళ్ల మీద ఆ భారం పెట్టలేదు. పౌలు మాత్రం పెంతెకొస్తుకు యెరూషలేములో ఉండాలని ఆత్రపడ్డాడు, ఆయన యూదుడు. పండుగ, అమావాస్య, విశ్రాంతిదినం విషయంలో మీకు ఎవరూ తీర్పు తీర్చకూడదని కొలొస్సయులకు రాసిందీ ఆయనే. ఆ మాట రెండువైపులా వర్తిస్తుంది. నువ్వు పస్కా చేసుకుంటే నేను తీర్పు తీర్చను. మేము డిసెంబరు 25న నక్షత్రం కడితే నువ్వు తీర్చకు. బేత్లెహేములో ఆయన పుట్టిన తేదీ అదేనని ఇక్కడ ఎవరూ ప్రమాణం చేయడం లేదు.

కోతపండుగ లేఖనాల్లో లేదంటావా? ఆ పేరుతో లేకపోవచ్చు. ఏడాది పొడుగునా వంటకు ముందు పిడికెడు బియ్యం కుండలో వేసి తెచ్చే ఆడవాళ్లను చూశావు. మొదటి ధాన్యం మూట, ఆనపకాయ, కోడిపుంజు, పందిరి మీది గుమ్మడికాయ తెచ్చి బల్ల ముందు పెడతారు. అప్పుడు వేలం. ఒకే గుమ్మడికాయను ఒకరు పాడుకుని మళ్లీ మందిరానికే ఇచ్చేస్తే, ఇంకొకరు పాడతారు, అదే కాయ సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. నాకు నచ్చనిది కూడా అక్కడ ఉంది. భోజనాల్లో మొదటి బంతి పెద్దకార్లవాళ్లకు, గిన్నె అడుగంటాక పాకలవాళ్లకు. కొరింథులో ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తుగా ఉన్నాడని పౌలు మండిపడింది దీనికే. ఈసారి అందరికీ ఒకే బంతి వేయాలని స్త్రీల సమాజంలో గట్టిగా అడిగాను. అయ్యగారు ఒప్పుకున్నారు, పెద్దల్లో ఒకరిద్దరు ముఖం మాడ్చుకున్నారు. మీ నాన్న వడ్డనకు నిలబడతానన్నారు.

ఏప్రిల్ 1 భోజనం మానవద్దు. నిర్గమకాండం 12 బిగ్గరగా చదవండి, చేదు కూరలకు కాకరకాయ చాలు. మీ అపార్టుమెంటు వాచ్‌మన్ కుటుంబాన్ని పిలువు. ఒరిస్సా నుంచి వచ్చారన్నావు, ఆ పిల్లలకు ఇంటి భోజనం పెట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారో లేదో. మీ హాస్టల్ రోజుల్లో టిఫిను కట్టిచ్చిన అక్కనూ పిలువు. ఈస్టరు ఏప్రిల్ 5, కాబట్టి శుక్రవారం ఏడు మాటల ఆరాధనకైనా ఇక్కడికి చేరేటట్టు చూసుకో.

దానికంటే ముందు కోతపండుగ. వచ్చే నెల రెండో ఆదివారం. శుక్రవారం రాత్రి బండెక్కితే తెల్లారేసరికి ఒంగోలులో ఉంటావు, నాన్న స్కూటరు మీద వస్తారు. మీ సహవాసంలో కొమ్ముబూర ఊదే అబ్బాయిని కూడా వెంటబెట్టుకురా. ఊదడం సరే, గుమ్మడికాయ పాట ఎంతదాకా పాడతాడో చూద్దాం.

ప్రేమతో,
అమ్మ